విశ్రామ్

ఇరవై రెండేళ్లు విజిల్ ఊదాను.
చినవాల్తేరు స్కూలు గ్రౌండులో నా గొంతు లేస్తే
గోడ మీది కాకులు కూడా వరస కట్టేవి.
సావధాన్ అనడం నాకు బాగా వచ్చు.
విశ్రామ్ కూడా అనేదాన్ని, కానీ
కాళ్లు ఎడం చేసి నిలబడటమే అనుకున్నాను,
అందరిలాగే.

ఇప్పుడు పొద్దున్న ఏడింటికి
వెల్లకిలా పడుకొని
కుడి పాదం ముందుకి, వెనక్కి.
మూడు సార్లు.
ఎడమ పాదం. మూడు.
నాలుగోది చేయగలను.
అందుకే చేయకూడదు.

కేజీహెచ్‌లో ఈ లెక్క నేర్పినవాడు గౌరునాయుడు,
ఒకప్పుడు నా లాంగ్‌జంప్ పిల్లాడు.
ఇసకలో బోర్లా పడితే
"లే, ఏమీ కాలేదు, ఇంకోసారి" అని లేపాను వాణ్ని.
ఇప్పుడు నా మణికట్టు పట్టుకొని
గడియారం చూసుకుంటూ
"ఇంకోసారి వద్దు మేడమ్" అంటాడు.
"ఇది మందు కాదు, తగ్గుతుందని చెప్పను.
ఉన్నది ఒలికిపోకుండా మోసుకోవడం, అంతే."

రిపోర్టులన్నీ నార్మల్.
మా ఆడపడుచు "నీకేం, హాయిగా పడుకో" అంటుంది.
పడుకొని లేస్తాను,
రాత్రంతా హార్బర్‌లో బొగ్గు దించినట్టు.
సీసా మూత తిప్పే వేళ్లు,
మాట వెతికే బుర్ర,
రెండూ ఒకే జీతం మీద బతకాలి.
తల దువ్వుకున్న రోజు ఫోన్ ఎత్తను.

పోయిన మాఘంలో ఒక మంచి రోజు వచ్చింది.
మోసం చేసేవి మంచి రోజులే.
లిఫ్టు ఉండగా మూడంతస్తులు మెట్లు దిగి
జాలరిపేట దాకా పోయాను,
వలలు ఆరేసిన చోట నిలబడి
సముద్రానికి నా కాళ్లు చూపించి వచ్చాను.
ఆ సాయంత్రం ఏమీ కాలేదు.
మర్నాడు కూడా కాలేదు, నవ్వుకున్నాను.
మూడో నాడు పడ్డాను.
పదకొండు రోజులు.
కర్టెన్ సందులో వెలుతురు కూడా బరువే.
మా వరహాలరావు అన్నం కలిపి తెస్తే
నమిలే ఓపిక లేక చారు తాగాను.

నూకరత్నానికి ఇదంతా ఎవరూ నేర్పలేదు.
కానాగడతల గంప
ప్రతి అంతస్తు మలుపులో కిందికి దించుతుంది,
చెమట పట్టకముందే.
"బరువు తెలిసినాక దించితే మెడ పట్టేస్తాదమ్మా,
తెలీకముందే దించాల" అంటుంది,
వంజరం ముక్కల మీద యాభై ఎక్కువ చెబుతూ.
నేను ట్రైనింగ్ అయిన మనిషిని.
పడిపోయేదాకా పరిగెత్తినవాళ్లకే
చప్పట్లు కొట్టించాను.

తొమ్మిదేళ్లు వరసగా, ఆషాఢంలో,
చెప్పుల్లేకుండా సింహాచలం కొండ చుట్టూ
ముప్పై రెండు కిలోమీటర్లు తిరిగినదాన్ని.
ఈ ఏడు అప్పూఘర్ దగ్గర స్నానాలకు దిగే జనం గోల
బాల్కనీ దాకా వినిపిస్తుంటే
నేను నా మంచం చుట్టూ తిరిగాను.
ఒక్క చుట్టు.
మధ్యలో కుర్చీ వేయించుకున్నాను.
కూర్చోవాలనిపించలేదు.
కూర్చున్నాను.

పాత డ్రిల్ పుస్తకంలోనే రాస్తున్నాను:
పాదాలు, మూడు. భుజాలు, రెండు.
మంచం అంచున కాళ్లు వేలాడేసి, ఒక నిమిషం.
స్నానం చేస్తే అవేవీ లేవు, స్నానమే ఆ రోజు పందెం.
బాల్కనీ, నాలుగు నిమిషాలు.
వాటర్ ట్యాంకుకీ ఎదురు అపార్ట్‌మెంటుకీ మధ్య
అరచేయంత సముద్రం,
దాని మీద లంగరేసిన ఓడ ఒకటి, నిన్నటిదే.
దాన్నెవరూ బద్ధకం అనరు.

సాయంత్రం నాలుగింటికి గాలి ఇటు తిరిగితే
కొత్త సారు విజిల్ వినిపిస్తుంది.
సావధాన్!
దుప్పటి కింద నా మడమలు రెండూ
నన్నడక్కుండానే కలుసుకుంటాయి.
నిన్న ఎవరో పిలిచారేమో,
ఆయన తర్వాతి మాట మర్చిపోయాడు.
ఎండలో పిల్లలు అలాగే బిగుసుకొని ఉంటారని
ఇక్కడ నాకు పిక్కలు లాగాయి.
ఎంతకీ ఆయన అనకపోతే
నేనే అన్నాను,
మెల్లగా, విజిల్ లేకుండా.